వీసా దరఖాస్తులో స్త్రీ ఎక్కడుంది?

(మహిళా సంఘాల కార్యకర్తల శిక్షణ సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల సదస్సులో ఒక దరఖాస్తు ఫారం గురించి ప్రసంగమేమిటని మీలో కొందరికి అనిపించి ఉంటుంది. రేషన్ కార్డు, వితంతు పింఛను, ఒంటరి మహిళల పింఛను, కుల ధృవీకరణ - ఈ ఫారాలన్నీ మన రోజువారీ పనిలో భాగమే. ఏ ఫారం ఎవరిని మనిషిగా గుర్తిస్తుందో, ఎవరిని గడి బయట నిలబెడుతుందో మనకు అనుభవం మీద తెలుసు. 2010 నుంచి ఆ వరసలో ఇంకొకటి చేరింది. కొద్దికాలం అమెరికా వెళ్లి రావడానికి కంప్యూటర్‌లో నింపాల్సిన డి.ఎస్.-160 అనే దరఖాస్తు అది. దాని గురించే ఇవాళ మాట్లాడతాను.

ఇది ఎవరికి అవసరం? కూతురి పురిటికి వెళ్లే తల్లికి, కోడలి పురిటికి వెళ్లే అత్తగారికి. చదువుకు వెళ్లే అమ్మాయికి. భర్త ఉద్యోగాన్ని ఆధారం చేసుకుని హెచ్-4 వీసా మీద వెళ్లే భార్యకు. ప్రతి మార్చిలో న్యూయార్కులో జరిగే ఐక్యరాజ్య సమితి మహిళా స్థితిగతుల కమిషన్ సమావేశాలకు వెళ్లే మనలాంటి వాళ్లకు. 1995లో బీజింగ్ ప్రపంచ మహిళా సదస్సు జరిగినప్పుడు వీసా చేతికి రాక ఎన్ని దేశాల స్త్రీలు ఆగిపోయారో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ప్రపంచ వేదిక మీద స్త్రీ గొంతు వినిపించాలంటే ముందు ఆమె విమానాశ్రయం దాటాలి. అంతకన్నా ముందు ఈ ఫారం దాటాలి.

2008లో హైదరాబాదులో అమెరికా కాన్సులేటు వచ్చాక మన వాళ్లకు చెన్నై ప్రయాణం తప్పింది. 2023లో ఆ కార్యాలయం బేగంపేట నుంచి నానక్‌రామ్‌గూడకు మారింది. దూరమైతే తగ్గింది గానీ ఫారం దగ్గర మన ఆడవాళ్ల పరిస్థితి పెద్దగా మారలేదు. ఎందుకంటే ఆ ఫారాన్ని చాలాసార్లు వాళ్లు నింపరు. అక్కడ అర్ధరాత్రి వేళ అల్లుడు నింపుతాడు, లేదా ఇక్కడ నెట్ సెంటర్ కుర్రాడు నింపుతాడు, లేదా కన్సల్టెన్సీ వాళ్లు నింపుతారు. జవాబులన్నీ ఇంగ్లీషులో రాయాలి. ఇరవై నిమిషాలు కదలకుండా ఉంటే రాసినది కాస్తా మూసుకుపోతుంది. "నీకెందుకమ్మా, మేం చూసుకుంటాం" అన్న మాటతో ఆమె జీవిత చరిత్ర మొత్తం ఇంకొకరి చేతికి పోతుంది.

ముందు పేరు దగ్గరకి వద్దాం. ఆ ఫారంలో మొదటి గడి ఇంటిపేరు. మన పాస్‌పోర్టుల్లో చాలామంది స్త్రీలకు ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది. అప్పుడు సొంత పేరు తీసుకెళ్లి ఇంటిపేరు గడిలో పెట్టాలి, సొంత పేరు ఉండాల్సిన చోట 'ఎఫ్.ఎన్.యు.' అని మూడక్షరాలు రాయాలి. 'మొదటి పేరు తెలియదు' అని దాని అర్థం. అరవై ఏళ్లు ఒక పేరుతో బతికిన మనిషి వీసా కాగితం మీద పేరు తెలియని మనిషవుతుంది. మగవాళ్లకూ ఇది జరుగుతుంది. కానీ పెళ్లితో ఇంటిపేరు మారేది, మారిందో లేదో తేలనిది మనకే. పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టింటి పేరు, ఆధార్‌లో అత్తింటి పేరు, బ్యాంకు పుస్తకంలో ఒక్క పొడి అక్షరం. ఇంతకు ముందు వాడిన పేర్లన్నీ చెప్పమని ఫారం అడుగుతుంది. వాటిని దాచకూడదు. పుట్టింటి పేరు అక్కడ తప్పనిసరిగా రాయాలి.

ఆ పక్కనే ఇంకొక గడి ఉంది. మీ పేరు మీ మాతృభాష లిపిలో రాయమంటుంది. అంత పెద్ద ఫారంలో తెలుగు అక్షరానికి చోటున్నది అక్కడొక్కచోటే. నింపేవాళ్లు చాలామంది 'వర్తించదు' అని గీత పెట్టి దాటేస్తారు. అక్కడ మీ పేరు తెలుగులో మీరే రాయండి.

తర్వాత వైవాహిక స్థితి. వివాహిత, అవివాహిత, వితంతువు, విడాకులు పొందినవారు, చట్టప్రకారం వేరుగా ఉంటున్నవారు - ఇలా వరసగా ఉంటాయి. మనం రోజూ చూసే స్త్రీ వీటిలో ఎక్కడుంది? మొగుడు వదిలేసి పోయి పదేళ్లయింది. కోర్టుకు వెళ్లలేదు, విడాకులు లేవు, చట్టప్రకారం వేరు పడనూ లేదు. తెలంగాణ ప్రభుత్వం 2017లో ఒంటరి మహిళలకు పింఛను ఇవ్వడం మొదలుపెట్టి అటువంటి స్త్రీ ఉందని ఒప్పుకుంది. ఈ ఫారంలో మాత్రం ఆమెకంటూ ప్రత్యేకంగా ఒక గడి లేదు. చట్టం దృష్టిలో ఆమె వివాహితే కాబట్టి అదే రాసి, ఆ మనిషి పేరు, పుట్టిన తేదీ ఇవ్వాలి. అయితే ఒక విషయం గుర్తుంచుకోండి. భర్త చిరునామా అడిగే చోట 'తెలియదు' అనే జవాబు కూడా ఆ ఫారంలోనే ఉంది. పరువు పోతుందని పుట్టింటివాళ్లు తమ చిరునామానే భర్త చిరునామాగా రాయిస్తారు. ఇంటర్వ్యూలో అధికారి ఒక్క ప్రశ్న వేస్తే ఆ అబద్ధం ఆమె మెడకే చుట్టుకుంటుంది.

విడాకులు తీసుకున్న స్త్రీని ఆ పెళ్లి ఏ తేదీన మొదలైంది, ఏ తేదీన ముగిసింది, ఎలా ముగిసింది అని అడుగుతారు. దీనికి కొట్టిన దెబ్బలన్నీ రాయనక్కర్లేదు. కోర్టు డిక్రీ ద్వారా విడాకులు అన్న ఒక్క ముక్క చాలు. మన విదేశాంగ శాఖ 2016 డిసెంబరులో పాస్‌పోర్టు నిబంధనలు సడలించింది. తల్లి పేరో, తండ్రి పేరో ఒక్కటి ఇస్తే చాలునంది. విడిపోయిన స్త్రీలు భర్త పేరు ఇవ్వనక్కర్లేదంది. అది స్త్రీలు పోరాడి తెచ్చుకున్న మార్పు. పాస్‌పోర్టులో వదిలించుకున్న భర్త వీసా ఫారంలో మళ్లీ ఎదురవుతాడు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. వృత్తి అడిగేచోట ఇచ్చిన జాబితాలో 'గృహిణి' అనే మాట ఉంది. మన జనాభా లెక్కల్లో ఇంటి పని మాత్రమే చేసే స్త్రీని 'పని చేయనివారి' పద్దులో వేస్తూ వచ్చారు కదా. ఆ లెక్కన ఈ ఫారమే నయమనిపిస్తుంది. కానీ ఆ మాట ఎంచుకోగానే జీతం గడి, యజమాని గడి మాయమవుతాయి. మీ ప్రయాణం ఖర్చు ఎవరు పెడతారన్న ప్రశ్న మాత్రం మిగులుతుంది. చూడ్డానికి వెళ్లే వీసా రుసుమే 2023 జూన్ నుంచి 185 డాలర్లు. అంటే పదిహేను వేల రూపాయలకు పైమాట, అంగన్‌వాడీ ఆయా నెల జీతాన్ని మించిన మొత్తం. వీసా వచ్చినా రాకపోయినా అది తిరిగి రాదు.

1952 నాటి అమెరికా వలస చట్టంలో 214(బి) అని ఒక సెక్షను ఉంది. చూడ్డానికి వెళ్తానన్న ప్రతి మనిషీ అక్కడే ఉండిపోవడానికి వస్తున్నారని అది ముందే అనుకుంటుంది. కాదని రుజువు చేసుకునే బరువు దరఖాస్తుదారు మీదే. రుజువంటే ఏమిటి? తిరిగి రావడానికి సొంత దేశంలో గట్టి బంధాలున్నాయని చూపడం: ఉద్యోగం, ఆస్తి, కుటుంబం. ఇక్కడ మన సమాజం చేసిన అన్యాయం అమెరికా గుమ్మం దగ్గర రెండో అన్యాయంగా మారుతుంది. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు సమాన హక్కు అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు నుంచి ఉంది. దేశమంతటా 2005లో వచ్చింది. కానీ పట్టాదారు పాసు పుస్తకం మీద ఎవరి పేరుంది? నలభై ఏళ్లు ఆ పొలంలో కలుపు తీసిన స్త్రీ 'బంధాలు' ఏ కాగితం మీద కనిపిస్తాయి? ఇంట్లో మంచాన పడ్డ అత్తగారు, బడికి పోయే మనవడు, గుమ్మంలో పాడి గేదె - తిరిగి రాక తప్పదనడానికి ఇంతకన్నా గట్టి బంధాలేముంటాయి? ఈ బంధాలకు పత్రం లేదు. అందుకే ఇంటర్వ్యూలో ఆమె నోటితో చెప్పే నాలుగు మాటలకు విలువెక్కువ. ఆ నాలుగు మాటలు ఆమెవి కావాలి. ఎవరో బట్టీ పట్టించినవి కాకూడదు. 2025 సెప్టెంబరు 2 నుంచి 79 ఏళ్లు దాటినవాళ్లకు కూడా మామూలుగా ఇంటర్వ్యూ తప్పనిసరి చేశారు. ఎనభై ఏళ్ల అమ్మమ్మ కూడా ఆ అద్దం ముందు ఒంటరిగా నిలబడి మాట్లాడాలి.

మనలాంటి కార్యకర్తలకు చిక్కు వచ్చేది భద్రతా ప్రశ్నల దగ్గర. ఎప్పుడైనా అరెస్టయ్యారా అని సూటిగా అడుగుతారు. శిక్ష పడిందా అని మాత్రమే కాదు, అరెస్టు గురించే అడుగుతారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి రాజుకున్న సారా వ్యతిరేక ఉద్యమం రోజుల నుంచి ఈనాటి అంగన్‌వాడీ సమ్మెల దాకా పోలీసు వ్యాన్ ఎక్కని కార్యకర్త మనలో ఎంతమంది? కేసు నమోదై అరెస్టయి ఉంటే 'అవును' అని రాసి, శాంతియుత ధర్నా, ఫలానా సంవత్సరం, కేసు కొట్టేశారు అని రెండు వాక్యాల్లో వివరించండి. కాగితాలు దగ్గరుంచుకోండి. పోలీసులు కాసేపు స్టేషన్లో కూర్చోబెట్టి పంపితే అది అరెస్టా కాదా అన్నది వకీలును అడిగి తేల్చుకోండి. మీరు పనిచేసిన స్వచ్ఛంద, సేవా సంస్థల పేర్లు కూడా అడుగుతారు. ఏదైనా తెగకు చెందినవారా అన్న ప్రశ్న కూడా ఉంది. కోయ, గోండు, లంబాడీ స్త్రీలు ఆ గడి దగ్గర తడబడనక్కర్లేదు. ఉన్నదున్నట్టు రాస్తే సరిపోతుంది.

వ్యభిచారం కోసం వెళ్తున్నారా, గత పదేళ్లలో అందులో ఉన్నారా అని అడుగుతారు. కుర్రాడు ఈ ప్రశ్నను పెద్దావిడకు చదివి వినిపించడు. తనే 'కాదు' నొక్కేస్తాడు. ఒక స్త్రీ ఇష్టానికి వ్యతిరేకంగా గర్భస్రావం చేయించడంలోగానీ, బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లలోగానీ మీకు ప్రత్యక్ష పాత్ర ఉందా అన్నది ఇంకొక ప్రశ్న. లక్ష్యాల పేరుతో ఆపరేషన్లు చేయించిన దేశం మనది. మన ఏ.ఎన్.ఎం. అక్కయ్యలు ఆ ప్రశ్న దగ్గర ఒక్క క్షణం ఆగి ఆలోచించాల్సిందే.

సోషల్ మీడియా సంగతి చెప్పాలి. గత ఐదేళ్లలో వాడిన ఖాతాల పేర్లన్నీ ఇవ్వాలన్న నిబంధన 2019 నుంచి ఉంది. 2025 జూన్‌లో విద్యార్థి వీసాలకు, అదే ఏడాది డిసెంబరు 15 నుంచి హెచ్-1బి ఉద్యోగులకు, వాళ్ల హెచ్-4 భార్యాభర్తలకు ఇంకొకటి చేర్చారు. ఖాతాలన్నీ ఎవరైనా చూసేటట్టు తెరిచి పెట్టాలట. మన అమ్మాయిలు ఖాతాలకు తాళం ఎందుకు వేసుకుంటారు? వెంటాడేవాళ్ల నుంచి, ఫొటోలు మార్చి బెదిరించేవాళ్ల నుంచి, విడిపోయిన భర్త నుంచి తప్పించుకోవడానికి. ఆ తాళం తీయమనడంలో ఆమె భద్రత గురించిన ఆలోచన ఏ కోశానా లేదు. దీన్ని మనం హక్కుల సమస్యగా మాట్లాడాలి.

ఫారం చివర, నింపడానికి ఎవరైనా సాయం చేశారా అని అడుగుతారు. చేస్తే వాళ్ల పేరు చెప్పాలి. ఎవరు నింపినా చివరి సంతకం మీట మాత్రం దరఖాస్తుదారే నొక్కాలి. ఆ నొక్కడంతో లోపలున్న ప్రతి అక్షరానికీ ఆమే బాధ్యురాలు. ముఖ్యమైన విషయంలో అబద్ధం చెప్పినట్టు తేలితే జీవితాంతం ఆ దేశంలో అడుగు పెట్టనివ్వకుండా నిషేధం పడొచ్చు. రాసినవాడికి ఏమీ కాదు. కోనసీమ నుంచి, కడప నుంచి కువైట్‌కు ఇంటి పనికి వెళ్లే అక్కచెల్లెళ్ల విషయంలో మనం చూస్తున్నదీ ఇదే. ఇమ్మిగ్రేషన్ తనిఖీ తప్పించుకోవడానికి ఏజెంటు విజిటింగ్ వీసా మీద పంపుతాడు. అక్కడ పని ఇచ్చిన ఇంట్లో హింస ఎదురైతే, కాగితం ప్రకారం ఆమె చూడ్డానికి వచ్చిన మనిషే. దేశాలు వేరు, ఫారాలు వేరు. తన పేరు మీదున్న కాగితంలో ఏముందో స్త్రీకి తెలియకపోవడం మాత్రం రెండుచోట్లా ఒకటే.

మరి మనమేం చేయాలి? ప్రతి సంఘం కార్యాలయంలో నెలకొక రోజు ఈ పని కోసం కేటాయించండి. అమెరికా ప్రభుత్వ వెబ్‌సైటు చిరునామా '.గవ్'తో ముగుస్తుంది. ఆ ఫారం తెరవడానికి ఎవరికీ డబ్బు కట్టనక్కర్లేదు, రుసుము వేరే కడతారు. ముందుగా ప్రశ్నలన్నీ తెలుగులో చదివి వినిపించండి, జవాబులు ఆమె చేత కాగితం మీద రాయించండి. కంప్యూటర్ ముందు కూర్చునేది ఆ తర్వాతే. మొదట్లో వచ్చే దరఖాస్తు నంబరు, రహస్య ప్రశ్న జవాబు ఆమె దగ్గరే ఉండాలి, అల్లుడి ఫోనులో కాదు. ఆగిపోయిన ఫారం మళ్లీ తెరవాలంటే అవే తాళంచెవులు. మీట నొక్కే ముందు అన్ని పేజీలూ మళ్లీ చదివి వినిపించండి. చివర్లో వచ్చే బార్‌కోడ్ కాగితంతో పాటు పూర్తి దరఖాస్తు ప్రతి కూడా ఆమె పెట్టెలో ఉండాలి.

ఒక దేశం తన గుమ్మం దగ్గర ఏం అడగాలో మనం ఇక్కడ కూర్చుని నిర్ణయించలేం. కానీ మన స్త్రీ తన జీవితం గురించిన ప్రశ్నకు తనే జవాబు చెప్పేటట్టు చూడడం మన చేతిలో ఉంది. పొలం పట్టాలో ఆమె పేరు ఎక్కించడం, బ్యాంకు ఖాతా ఆమె చేతిలో ఉంచడం, విడిపోయిన స్త్రీకి తన స్థితిని చెప్పుకునే ధైర్యం ఇవ్వడం - ఇవన్నీ మనం ఇప్పటికే చేస్తున్న పనులు. ఆ పనులు ఎంత ముందుకు సాగితే ఈ ఫారం అంత తేలికవుతుంది.