కిటికీ దగ్గరి కోపం - పాలకవర్గం బాధ్యత

(పాల సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)



వికారాబాద్, తాండూరు ప్రాంతాల పాల ఉత్పత్తిదారులకు మార్పులు కొత్త కాదు. 1974లో పాడిపరిశ్రమాభివృద్ధి సంస్థ వచ్చింది. 1981లో సహకార సమాఖ్య ఏర్పడింది. 2014లో రాష్ట్రం వేరుపడింది. 2016లో మన ప్రాంతం రంగారెడ్డి జిల్లా నుండి విడివడి వికారాబాద్ జిల్లా అయింది. బోర్డు మీద పేరు మారినందుకు ఏ సభ్యుడూ పాలక్యాను వెనక్కు తీసుకుపోలేదు. కాని వెన్నశాతం చూసే పద్ధతి మారిన రోజున మా కేంద్రం కిటికీ దగ్గర పెద్ద గొడవే జరిగింది. అది నేరుగా బిల్లును తాకే మార్పు గదా!

అంతకుముందు మా పరీక్షకుడు గెర్బర్ పద్ధతిలో పరీక్ష చేసేవాడు. గొట్టంలో 10 మి.లీ. సల్ఫ్యూరిక్ ఆమ్లం, 10.75 మి.లీ. పాలు, 1 మి.లీ. అమైల్ ఆల్కహాల్ పోసి యంత్రంలో తిప్పితే వెన్న పైకి తేలేది. ఆ గీత అందరికీ కనిపించేది. కొత్త యంత్రంలో అంకె మాత్రమే కనిపిస్తుంది. కనిపించని దాన్ని నమ్మడం కష్టం.

శాతం తగ్గిన వాళ్లంతా పరీక్షకుడి మీద పడ్డారు. ఆ పిల్లవాడు మా దగ్గరకు వస్తే, "నాలుగు రోజులు ఓర్చుకో, వాళ్లే సర్దుకుంటారు" అని పంపివేశాము. వారం తిరగకముందే అతడు తాళంచెవి తెచ్చి మా ముందు పెట్టాడు. అప్పుడుగాని మా తప్పు మాకు తెలియలేదు. నిర్ణయం పాలకవర్గానిది, తిట్లు మాత్రం అతనివి!

మరునాటి నుండి పాలకవర్గ సభ్యులం వంతులవారీగా తెల్లవారుజామునే కిటికీ పక్కన కూర్చున్నాము. ముందు వాదించలేదు, విన్నాము. తరువాత ఒకే పాలను అందరి ముందు రెండు పద్ధతుల్లోనూ పరీక్ష చేయించాము. కొన్నిటికి తేడా వచ్చింది. విచారించగా, క్యానులో పాలు బాగా కలపకుండానే నమూనా తీస్తున్నారని, నురుగు ఆరకముందే యంత్రానికి పెడుతున్నారని, యంత్రం సరిగా కడగడం లేదని తేలింది. అంటే సభ్యుల కోపంలో కొంత న్యాయం ఉన్నది. ఆ మాట దాచకుండా ఒప్పుకొని, ఆ రోజుల బిల్లులు సరిచేశాము.

తేడా రానిచోట కారణం చెప్పాము. మొదటి ధారల్లో వెన్న తక్కువ, ఆఖరి ధారల్లో ఎక్కువ. ఆఖరి పాలు దూడకు వదిలి, మొదటి పాలు కేంద్రానికి తెస్తే శాతం తగ్గక తప్పదు. ఒక పెద్దమ్మ ఈ మాట విని, "మరి మొదలే చెప్పరాదా?" అన్నది. ఆమె అన్నది నిజమే. యంత్రం రాకముందే చెప్పవలసిన మాట అది.

పరీక్షకుడి బాధ కూడా అడిగి తెలుసుకున్నాము. రెండు పూటలా పని, పండుగనాడైనా సెలవు లేదు. మరొకరికి పని నేర్పించి వారానికి ఒకరోజు విశ్రాంతి ఏర్పాటు చేశాము. అతడు తాళంచెవి తిరిగి తీసుకున్నాడు.

ఇకముందు కూడా మార్పులు వస్తాయి. అందుచేత తోటి పాలకవర్గాలకు మా మనవి ఇది. మార్పుకు ముందే సభ్యులకు చెప్పండి. పరీక్ష అందరి ఎదుట చేయించండి. తప్పు దొరికితే ఒప్పుకొని సరిచేయండి. అన్నిటికన్నా ముఖ్యంగా, కిటికీ దగ్గర పనివాణ్ణి ఒంటరిగా నిలబెట్టకండి. సభ్యులకు కూడా ఒక మాట: అనుమానం వస్తే అక్కడికక్కడే తిరిగి పరీక్ష అడగండి. అది మీ హక్కు. కిటికీ లోపల ఉన్నవాడు కూడా మన ఊరి బిడ్డేనని మాత్రం మరువకండి.