బ్యాటరీ ఎట్ల సచ్చింది?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కర్నూల్లో బ్యాటరీల పని మీదే బతికినవాణ్ణి కాబట్టి ఆ సంగతే మాట్లాడమన్నారు. నేను చెప్పేది ఇప్పటి సీలు బ్యాటరీల గురించి కాదు. అంబాసిడర్లు, ఫియట్ల కాలం నాటివి: నల్లటి గట్టి రబ్బరు పెట్టె, పైన తారు పూత, ఆరు మూతలు. 1859లో ఫ్రాన్సులో ప్లాంటే కనిపెట్టిన సీసం పలకల బ్యాటరీయే అది. 1912లో అమెరికాలో కాడిలాక్ కారుకు సెల్ఫ్ స్టార్టరు పెట్టాక హ్యాండిలు తిప్పే బాధ తగ్గి, భారమంతా బ్యాటరీ మీద పడింది.

సెల్ఫ్ తిరగకపోతే టాక్సీ ఆయన వచ్చి, "అన్నా, బ్యాటరీ సచ్చింది, కొత్తది ఏయాల" అనేవాడు. వడ్డీకి తెచ్చిన డబ్బు జేబులో ఉండేది. "ఉండప్పా, ఎట్ల సచ్చిందో సూడనీ" అనేవాణ్ణి.

చూడటానికి హైడ్రోమీటరు. పాలలో నీళ్లు కలిపారేమోనని చూసే లాక్టోమీటరుకు అన్న వంటిది. బ్యాటరీ దిగేకొద్దీ యాసిడ్ పలచబడుతుంది. ఆరు గదులూ విడివిడిగా చూడాలి. అయిదు గదులు 1.230 చూపి ఒకటి 1.120 చూపితే జబ్బు ఆ గదిలోనే: పలకల మధ్య చెక్క తెర చిల్లిపడి ఉంటుంది, లేదా రాలిన మడ్డి అడుగున పేరుకుని పలకలను కలిపేసి ఉంటుంది. ఆ ఒక్క గది విప్పి బాగుచేస్తే చాలు. ఆరూ ఒకే తీరుగా దిగి ఉంటే ముందు బండిని అనుమానించాలి. బ్యాటరీకి తిండి అందలేదు. డైనమో బెల్టు, బ్రష్షులు, కటౌట్ చూడాలి. అవి చూడకుండా కొత్త బ్యాటరీ వేస్తే, నెల తిరక్కుండా అదీ పడుకుంటుంది.

ఇక మన సీమ సంగతి. చలి దేశాల పుస్తకాల్లో నిండు ఛార్జికి 1.280 అని ఉంటుంది. వేడి దేశాల్లో 1.240కి తగ్గించి నింపేవారు, గాఢమైన యాసిడ్ ఎండకు పలకలను త్వరగా తినేస్తుందని. ఇది తెలియని మెకానిక్కు 1.240 చూసి, యాసిడ్ తక్కువైందని ఇంకొంచెం పోసేవాడు. అది దొంగ లెక్క. అంకె పెరుగుతుంది, బలం పెరగదు. ఆవిరయ్యేది నీళ్లే కదా! అందుకే నా మొదటి ప్రశ్న, "దీంట్లో ఏం పోసినావప్పా?"

"బోరు నీళ్లు" అనే జవాబే ఎక్కువ. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, ఎర్రగుంట్ల, అంతా సున్నపురాయి నేల. నీళ్లు కాచిన గిన్నెకే తెల్లపొర కడుతుంది. నీళ్లలో ఇనుము, ఉప్పు ఉంటే ఇంకా చేటు: బండి నిలబెట్టినా బ్యాటరీ దిగిపోతుంది. దానికో పరీక్ష ఉంది. నిండుగా ఛార్జి చేసి, తీగలు విప్పి, నాలుగు రోజులు పక్కన పెట్టాలి. బాగా దిగిపోతే దోషం లోపల. నిలబడితే బండి వైరింగులో ఎక్కడో కరెంటు కారుతోంది.

కరువేళ బాడుగల్లేక నెలల తరబడి నిలిచిన బండ్లది మరో కథ. పలకల మీద తెల్లటి సల్ఫేటు గట్టిపడేది. అట్లాంటివాటిని పారేయమనేవాణ్ణి కాదు. తక్కువ కరెంటుతో రెండు మూడు రోజులు ఛార్జి పెడితే కొన్ని లేచేవి. యాసిడ్ వేడెక్కితే ఆపి, చల్లారాక మళ్లీ పెట్టాలి. మే నెలలో ఆ పని మా అంగట్లో రాత్రిళ్లే చేసేవాళ్లం.