ఫోన్‌లో వినిపించేది మన గొంతే



ఆగస్టు 9న మనం మన ఆట, పాట, భూమి, భాష గురించి మాట్లాడుకుంటాం. ఈసారి ఫోన్ ఇంటర్వ్యూ గురించి కూడా మాట్లాడాలని మన సంఘం అనుకుంది. దీనికి కారణం ఉంది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు జీవో నంబరు 3ను కొట్టివేసింది. దాంతో ఏజెన్సీలో టీచరు పోస్టులన్నీ మనవాళ్లకే అన్న భరోసా పోయింది. ఆ హక్కు కోసం అడుగుతూనే ఉంటాం. కానీ డిగ్రీ, నర్సింగ్, ఐటీఐ చదివిన పిల్లలు అంతవరకు ఖాళీగా కూర్చోలేరు కదా!

విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉద్యోగానికి దరఖాస్తు పెడితే, చాలాచోట్ల ముందు ఫోన్‌లోనే మాట్లాడతారు. పది పదిహేను నిమిషాల్లో మనల్ని రమ్మనాలా వద్దా తేల్చేస్తారు. ఒకరకంగా ఇది మనకు మేలే. పాడేరు నుంచో ఉట్నూరు నుంచో హైదరాబాద్ పోయి వచ్చే ఖర్చు మిగులుతుంది. అయితే అవతలివాళ్లకు మన ముఖం కనబడదు, మన కష్టం కనబడదు. గొంతు ఒక్కటే వినబడుతుంది. అందుకే సిద్ధపడాలి.

మొదటిది సిగ్నల్. మీ ఊళ్లో ఏ గట్టు మీద, ఏ చెట్టు కింద మాట తెగకుండా వినబడుతుందో మీకు తెలుసు. ముందురోజే అక్కడికి వెళ్లి ఎవరికైనా ఫోన్ చేసి చూసుకోండి. వానాకాలమైతే తలదాచుకునే చోటు కూడా చూసుకోండి. ఛార్జింగ్ నిండా పెట్టండి. దరఖాస్తులో ఇచ్చిన సిమ్ము మార్చకండి.

చెప్పకుండా ఫోన్ వస్తే? మీరు సంతలో ఉండొచ్చు, బండి మీద ఉండొచ్చు. కంగారుపడి అక్కడే మొదలుపెట్టకండి. "సార్, ఇక్కడ సిగ్నల్ సరిగా లేదు. అరగంట తర్వాత నేనే చేయవచ్చా?" అని అడగండి. అలా అడగడం తప్పు కాదు. మధ్యలో లైను కట్ అయితే వెంటనే తిరిగి చేయండి. కలవకపోతే పేరు రాసి ఒక మెసేజ్ పెట్టండి.

రెండోది, కాగితం. ఫోన్‌లో మాట్లాడేటప్పుడు ఎదురుగా కాగితం పెట్టుకోవచ్చు. చదువు, పాసైన సంవత్సరాలు, చేసిన పనులు, ఆ ఉద్యోగం ఏమిటి, మనం అడగాల్సిన రెండు ప్రశ్నలు అందులో రాసుకోండి. "మీ గురించి చెప్పండి" అంటే మన పిల్లలు పేరు, తండ్రి పేరు, ఊరు చెప్పి ఆగిపోతారు. చెప్పాల్సింది ఆ తర్వాతే ఉంది. "అమ్మావాళ్ల పొదుపు సంఘం లెక్కలు రెండేళ్లు రాశాను", "కాఫీ గింజలు తూకం వేసి, పద్దు నేనే చూసేదాన్ని" అనండి. ఇవన్నీ పనులే, అనుభవమే. చేయనిది మాత్రం చెప్పవద్దు. తర్వాతి ప్రశ్నలోనే దొరికిపోతాం.

మూడోది, యాస. చాలామంది భయం ఇదే. ఇంట్లో కోయ, గోండి, కువి మాట్లాడి, బడిలో తెలుగు నేర్చి, కాలేజీలో ఇంగ్లిష్ పట్టుకున్న వాళ్లం మనం. అది లోటు కాదు, మూడు భాషలు వచ్చిన బలం. ఏజెన్సీలో పనిచేసే ఆస్పత్రికి, బ్యాంకుకు మన భాష తెలిసిన మనిషి కావాలి. కాబట్టి మీ భాష పేరు ధైర్యంగా చెప్పండి. ప్రశ్న అర్థం కాకపోతే "మళ్లీ ఒకసారి చెబుతారా?" అనండి. మనం ఆలోచించుకుని మాట్లాడే మనుషులం. ఎదురుగా ఉంటే అది తెలుస్తుంది. ఫోన్‌లో మౌనంగా ఉంటే లైను పోయిందనుకుంటారు. "ఒక్క నిమిషం సార్, ఆలోచించి చెబుతాను" అంటే చాలు.

ఇంకొక హెచ్చరిక. ఉద్యోగం ఖాయమైంది, రిజిస్ట్రేషన్‌కు డబ్బు పంపమని ఎవరైనా అంటే అది మోసమే. పైసా పంపకండి. ఓటీపీ చెప్పకండి. డబ్బు పోయిందా, సిగ్గుపడి దాచకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి.

చివరగా ఒక పని అప్పజెబుతున్నాం. ఈ వారమే ఇద్దరిద్దరుగా కలవండి. ఒకరు ఇంట్లో, ఒకరు గట్టు మీద ఉండి ఫోన్‌లో ప్రశ్నలు అడగండి, జవాబులు చెప్పండి. రికార్డు చేసి వినండి. మూడోసారికి గొంతులో వణుకు తగ్గుతుంది. ఉద్యోగం వచ్చినవాళ్లు తమను ఏమేం అడిగారో రాసి సంఘానికి ఇవ్వండి. వెనక వచ్చే తమ్ముడికో చెల్లికో అది దారి చూపుతుంది.