తూర్పు కనుమల ఉన్నత శిఖరములు



జాముల్, భిలాయి ప్రాంతములలో నివసించు తెలుగువారికి కొండ యనగానే దల్లీ రాజ్‌హరా స్ఫురించును. ఉక్కు కర్మాగారమునకు ఇనుప ఖనిజము నిచ్చిన కొండలవి. కాని సెలవులకు స్వస్థలములకు పోవునపుడు రాయగడ, పార్వతీపురముల మీదుగా రైలు దాటు తూర్పు కనుమలను గూర్చి విచారించువారు అరుదు. వానిలో అత్యున్నత శిఖరమేదని పిల్లలడిగినచో, పాత పాఠములు చదివిన పెద్దలు మహేంద్రగిరి యని చెప్పుదురు.

మహేంద్రగిరి కీర్తిలో ఉన్నతమైనది. కాళిదాసు రఘుని దిగ్విజయమున దానిని పేర్కొనెను. చోళుల జయశాసనము అచ్చట కలదు. కాని దాని ఎత్తు 1501 మీటర్లే. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని గాలికొండ 1643, ఒడిశాలో కొరాపుట్ జిల్లాలోని దేవ్‌మాలి 1672 మీటర్లు. అల్లూరి జిల్లాలోనిదే యగు అర్మకొండ సుమారు 1680 మీటర్లు. అగ్రస్థానమున నున్న రెంటికిని నడుమ భేదము తాటిచెట్టంత కూడ లేదు.

వీనిని ఎక్కుటకు త్రాళ్లు, మంచుగొడ్డళ్లు అక్కఱలేదు. కొన్నిదినముల తీరిక, దృఢమైన కాళ్లు చాలును. కొత్తవలస–కిరండూల్ మార్గమున శిమిలిగుడ స్టేషనే సముద్రమట్టమునకు 996 మీటర్ల ఎత్తున నున్నది. అనగా గాలికొండ ఎత్తులో సగమునకు పైగా రైలే ఎక్కించును. దేవ్‌మాలి మీదికి మోటారుబాట పడినది. అయినను కాలినడకన పోవువానికే ఈ కొండల స్వభావము తెలియును. అడుగుక్రింది ఱాతికి భూగర్భ శాస్త్రజ్ఞులు ఖొండలైటని పేరిడిరి. ఇచ్చటి ఖోండుల పేరే దానికి ఆధారము. కోణార్క దేవాలయమును ఆ జాతి ఱాతితోనే కట్టిరి.

ఈ యాత్రకు కార్తికము మొదలు మాఘమువఱకు అనుకూలము. తొలినాళ్లలో వలిసె పూలతో వాలులన్నియు పసుపుబాఱియుండును. ఇచ్చట భయపడవలసినది లోయలకంటె పొగమంచునకు, రాత్రిచలికి, మలేరియాకు. దోమతెర, కంబళి, త్రోవ తెలిసిన స్థానికుడు తప్పనిసరి. సూర్యాస్తమయమునకు ముందే ఊరు చేరవలెను.

మఱియొక విషయము ముఖ్యము. యాత్రికుడు ఆయాసపడుచు ఎక్కు బాటనే కొండ స్త్రీలు తలపై బరువులతో వారపు సంతకు నడచుదురు. మనకు సాహసమైనది వారికి నిత్యకృత్యము. కనుక శిఖరమును జయించితిమను మాట అచ్చట శోభింపదు. వారి ఊటలను మలినపఱుపక, పొలములు త్రొక్కక, అతిథివలె మెలగుటయే ఆరోహణమున ప్రథమ నియమము.

భిలాయిలో పుట్టి పెరిగిన తెలుగు బాలబాలికలకు మాతృదేశము రైలు కిటికీలోని చీకటిగా మిగులరాదు. సంఘము ఏటేట కొందఱు యువకులనైనను ఈ కొండలకు పంపినచో, వారు తమ నేలను పాదములతో చదివి రాగలరు. పిల్లల ప్రశ్నకు సరియైన సమాధానమును వారే చెప్పగలరు.