గొంగళిపురుగు లెక్కలు

ఎక్కములు కంఠస్థము చేయించుట మానుమని మేము చెప్పబోవుట లేదు. పదునారవ ఎక్కము నోటికి వచ్చిన పిల్లవానికి బజారులో దాని విలువ తెలియును. అయితే ఎక్కము పలుకుటకు ముందే సంఖ్యను కంటితో చూచి, వ్రేలితో తాకి ఎరుగవలసిన వయస్సు ఒకటి కలదు. నాలుగేండ్ల నుండి ఏడేండ్ల వరకు గల ఆ వయస్సును బెత్తమునకు ఒప్పగించినచో, లెక్కల గంట అనగానే కడుపునొప్పి తెచ్చుకొను పిల్లలు తయారగుదురు.

ఎరిక్ కార్ల్ అను అమెరికా చిత్రకారుడు 1969లో వెలువరించిన బొమ్మల పుస్తకమొకటి కలదు. ఆకలిగొన్న గొంగళిపురుగు కథ అది. సోమవారము ఒక ఆపిలు, మంగళవారము రెండు బేరిపండ్లు, ఇట్లు పెంచుకొనుచు శుక్రవారమునకు అయిదు నారింజలు తినును. పురుగు తొలిచిన చోట పుటకు నిజముగానే రంధ్రము చేసి యుండును. పసివాడు అందు వ్రేలు దూర్చి లెక్కించును. పుస్తకము దొరకనివారు అట్టముక్కలపై జామపండ్లు, రేగుపండ్లు గీచి రంధ్రములు చేసికొనవచ్చును. కథకు లోపము రాదు.

ఈ అయిదు దినముల తిండిని చింతగింజలతో నేలపై పరపింపుడు. మొదటి వరుసలో ఒకటి, రెండవ దానిలో రెండు, చివరకు అయిదు. మెట్లవలె కనబడును. మొత్తమెంత అనిన, బిడ్డ ఒక్కొక్కటిగా లెక్కించి పదునైదు అనును. లెక్కింపనిండు, తొందరపెట్టవలదు. పిమ్మట సీతాఫలపు గింజలతో అట్టి మెట్లనే తలక్రిందుగా ప్రక్కన చేర్పుడు. ఒకటి ప్రక్కన అయిదు, రెండు ప్రక్కన నాలుగు, మూడు ప్రక్కన మూడు. ఏ వరుస చూచినను ఆరే! అయిదు వరుసలకు ముప్పది గింజలు, అందు సగము పదునైదు. పది దినములు ఇట్లే తినియుండినచో ఎంత అని అడిగి ఊరకుండుడు. పది వరుసలు, వరుసకు పదునొకండు, అందు సగము ఏబదియైదు అని కనుగొనుటకు రెండు దినములు పట్టినను పట్టనిండు. సూత్రము పేరు ఇప్పుడు అక్కరలేదు.

శనివారము ఆ పురుగు పది రకముల తినుబండారములు మెక్కి కడుపునొప్పి పడును. మన పెరటి పురుగుకు అంత చాపల్యము లేదు. నిమ్మచెట్టు మీదను, కరివేపచెట్టు మీదను సీతాకోకచిలుకలు గ్రుడ్లు పెట్టును. పిల్లపురుగు మొదట పిట్టరెట్టవలె నుండి, పెరిగిన పిదప ఆకుపచ్చనగును. ముందు మూడు జతలు, వెనుక అయిదు జతలు, వెరసి పదునారు కాళ్లు. రెక్కలు వచ్చిన పిదప ఆరే కాళ్లు. ఎన్ని తగ్గెనో బిడ్డయే చెప్పవలెను.

పురుగును పట్టుకొనరాదు. ముట్టినచో తలవెనుక నుండి చీలిన కొమ్మువంటిది వెలికి తీసి ఘాటైన వాసన విడుచును. దాని ప్రక్కగా చీపురుపుల్ల నుంచి, దాని పొడవునకు సరిగా త్రుంచి, ప్రతిదినము ఒక్కొక్క పుల్లను కాగితముపై వరుసగా అంటింపుడు. పెరుగుదల కంటికి కట్టును. వంటయింటిలో తిరుగమోతకు తెచ్చిన కరివేపాకు రెమ్మలను త్రుంచుటకు ముందు ఆకులెన్నియో ఊహింపుమని, పిదప లెక్కింపుమని అనుడు. చింతాకు ఈనెకు చిట్టియాకులు జతలుగా నుండును గనుక రెండేసి చొప్పున లెక్కించుట అచ్చట సులభము.

మరియొక మాట. పుస్తకములోని పురుగు గూడు కట్టుకొనును. నిమ్మచెట్టు పురుగు గూడు కట్టదు. నడుమునకు ఒక దారము చుట్టుకొని కొమ్మకు ఆనుకొని పొరపురుగుగా నుండును. బిడ్డ ఈ భేదము కనిపెట్టి అడిగినచో పుస్తకమును వెనుకవేసికొని రావలదు.

ఒక ఉదయమున అయిదు పురుగులకు మూడే కనబడవచ్చును. అయిదులో రెండు పోగా మూడు అని బిడ్డ వెంటనే చెప్పును, ఆ రెండును ఏమైనవని కూడ అడుగును. పిట్టలు తినియుండవచ్చునని దాచక చెప్పుడు.