ఒక మందు పనిచేయలేదంటే వైద్యం అయిపోయినట్టు కాదు
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ మేము రక్తహీనత, గర్భిణుల పరీక్షలు, బీపీ, షుగర్ గురించే చెబుతూ వచ్చాం. ఆ లెక్కలు ఈ నివేదికలో వేరే పేజీలో ఉన్నాయి, చూసుకోండి. ఈసారి మాకిచ్చిన సమయమంతా మనసు జబ్బులకే వాడుకుంటాం. అన్నీ కాదు. స్కిజోఫ్రీనియా, సైకోసిస్ అని డాక్టర్లు చెప్పే జబ్బు ఒకటి, మందులకు ఒక పట్టాన లొంగని డిప్రెషన్ ఒకటి.

ఇవి మన మినిట్స్ పుస్తకాల్లోకి వచ్చేశాయి కాబట్టి చెప్పాల్సి వస్తోంది. 'మీటింగులకు రావడం లేదు, పొదుపు కట్టడం లేదు, సభ్యత్వం తీసేయాలి' అని సంఘాలు రాసిన కాగితాల్లో ఒకటి పట్టుకుని మేము ఆ ఇంటికి వెళ్లాం. ఊరూ పేరూ చెప్పం. ఆమె తలుపు వేసుకుని ఉంటోంది. గోడ అవతల ఎవరో తన గురించి మాట్లాడుకుంటున్నారట, రాత్రంతా ఆ మాటలు వినిపిస్తున్నాయట. వాళ్ల అత్త సంచిలోంచి చీటీలన్నీ తీసి చూపించింది. ఒక ఆస్పత్రిలో మందు రాశారు. నలభై రోజులు వాడారు, తగ్గలేదు. 'ఇంతే, ఇంక మా చేతుల్లో లేదు' అని అక్కడ ఎవరో అన్నారట. ఆ తర్వాత తాయెత్తులు, గుడి దగ్గర నిద్రలు. గేదె కోసమని సంఘంలో తీసుకున్న అప్పు ఇందుకే పోయింది. "మందు వాడి చూశాం గదమ్మా, పని చెయ్యలేదు, ఇంకేం చేస్తాం?" అని అత్త మమ్మల్నే అడిగింది.

ఇంకా చాలా చెయ్యొచ్చని మేము జిల్లా ఆస్పత్రిలో మానసిక వైద్యుల్ని అడిగితే తెలిసింది. వాళ్లు చెప్పిందీ, ఆ మీదట మేము చదువుకున్నదీ కలిపి మీ ముందు పెడుతున్నాం.

ఆ మాటలు వినిపించడం నాటకం కాదు, గాలి సోకడం కాదు. మెదడు పనిచేసే తీరులో వచ్చిన తేడా. ఈ జబ్బుకు మొదటి మందు క్లోర్‌ప్రోమజిన్. 1952లో పారిస్‌లో వాడారు. అంతకుముందు ఏళ్ల తరబడి ఆస్పత్రి గోడల మధ్యే బతికిన ఎందరో ఈ మందుల తర్వాత ఇళ్లకు వెళ్లగలిగారు. కానీ కొందరికి అది పనిచేయలేదు. ఆ కుటుంబంలోని కొత్త మందులూ పనిచేయలేదు.

అప్పటికే క్లోజపిన్ అని ఒక మందు ఉంది. 1975లో ఫిన్లండ్‌లో అది వాడిన కొందరికి తెల్ల రక్తకణాలు పడిపోయి చనిపోయారు. దాంతో చాలా దేశాల్లో దాన్ని పక్కన పెట్టేశారు. పనికిరాని మందని పారేసి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. అమెరికాలో డాక్టర్ జాన్ కేన్ బృందం దాన్ని మళ్లీ పరీక్షకు పెట్టింది, ఈసారి వదలకుండా రక్తపరీక్షలు చేస్తూ. కనీసం మూడు మందులు వాడినా తగ్గని 268 మందిని తీసుకుని, కొందరికి క్లోజపిన్, కొందరికి పాత మందు ఇచ్చారు. 1988లో ఫలితం ప్రకటించారు. ఆరు వారాల్లో పాత మందుతో వందకు నలుగురు తేరుకుంటే, క్లోజపిన్‌తో ముప్పైమంది తేరుకున్నారు. ఇక లాభం లేదని రాసేసిన మనుషుల్లో వందకు ముప్పైమంది!

ఆ మందు ఇప్పుడు మన దేశంలోనూ ఉంది. ఊరికే మింగే మందు కాదు. మొదటి నెలల్లో వారం వారం రక్తపరీక్ష, తర్వాత నెలకోసారి. జ్వరం, గొంతునొప్పి వస్తే ఆగకుండా డాక్టరుకు చెప్పాలి. ఎవరికి ఇవ్వాలో డాక్టరే చూస్తారు. అయితే రెండు మందులు సరైన మోతాదులో, ఒక్కొక్కటి కనీసం ఆరు వారాలు వాడినా తగ్గకపోతే 'మాకు క్లోజపిన్ సంగతి చెప్పండి డాక్టరు గారూ' అని అడిగే హక్కు మనకుంది. మా లెక్కలో అసలు కష్టం మందుతో కాదు. వారం వారం బస్సు చార్జీ, ఒక రోజు కూలి, తోడు ఒక మనిషి. ఆ కష్టం దగ్గరే సంఘం నిలబడాలి.

డిప్రెషన్ సంగతీ ఇలాంటిదే. రెండు మందులు సరిగ్గా వాడినా తగ్గకపోతే దాన్ని మొండి డిప్రెషన్ అంటారు. అమెరికాలో సుమారు నాలుగు వేలమంది మీద చేసి 2006లో ప్రకటించిన పెద్ద పరిశోధనలో మొదటి మందుతో పూర్తిగా కోలుకున్నది సుమారు మూడో వంతే. మిగతావాళ్లకు మందు మార్చారు, ఇంకొకటి కలిపారు, మరికొంతమంది కోలుకున్నారు. అంటే మొదటి మందుకే తగ్గకపోవడం వింతేం కాదు, అదే ఎక్కువమందికి జరిగేది. లిథియం కలపడం ఉంది, మాటలతో చేసే వైద్యం ఉంది, కరెంటు వైద్యం ఉంది. కరెంటు అనగానే సినిమాల్లో మనిషిని మంచానికి కట్టేసి అరిపించే సీను గుర్తొస్తుంది. మాకూ అదే గుర్తొచ్చింది. మత్తు ఇవ్వకుండా అది చేయడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. మనిషిని గొలుసుతో కట్టడాన్నీ అదే చట్టం నిషేధించింది. 2001లో తమిళనాడు ఏర్వాడిలో గొలుసులతో కట్టి ఉంచిన 28 మంది మంటల్లో చనిపోయారు. పశువుల కొట్టంలో మనిషిని కట్టేసిన ఇల్లు మీ ఊళ్లో ఉంటే మాకు చెప్పండి. గొడవకు రాం, వైద్యానికి తీసుకెళ్తాం.

తగ్గింది కదా అని మానేసేవాళ్ల గురించి ఒక లెక్క. 2012లో 65 పరిశోధనల్ని కలిపి చూశారు. స్కిజోఫ్రీనియా మందు ఆపేసినవాళ్లలో ఏడాది తిరిగేసరికి వందకు 64 మందికి జబ్బు తిరగబెట్టింది. కొనసాగించినవాళ్లలో 27 మందికి. మందుతో ఒళ్లు బరువెక్కుతుంది, నిద్రమత్తు వస్తుంది, అబద్ధం ఆడం. అది డాక్టరుకు చెప్పి మార్పించుకోవాలి గానీ, మనంతట మనం ఆపకూడదు.

ఇక మనకు బాగా దగ్గరగా వచ్చే పరిశోధన. తమిళనాడు, గోవా, మహారాష్ట్రలోని సతారాలో స్కిజోఫ్రీనియా ఉన్న 282 మందితో చేశారు. 2014లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. 95 మందికి మామూలు ఆస్పత్రి వైద్యమే. 187 మందికి దాంతోపాటు ఇంటికొచ్చే ఒక కార్యకర్త. ఆ కార్యకర్తలు డాక్టర్లూ కాదు, నర్సులూ కాదు. పదేళ్ల చదువు, మనుషులతో కలిసిపోయే స్వభావం, ఆరు వారాల శిక్షణ. మందు వేసుకున్నారా అని అడగడం, స్నానం, వంట, పనిలోకి మెల్లగా మళ్లించడం, ఇంట్లోవాళ్లతో మాట్లాడటం వాళ్ల పని. ఏడాది తర్వాత చూస్తే వాళ్లు వెళ్లిన ఇళ్లలో మందులు క్రమంగా వేసుకున్నారు, జబ్బు కొంత తగ్గింది, రోజువారీ పనులు చేసుకోవడం మెరుగైంది. పెద్ద అద్భుతం అని వాళ్లూ అనలేదు. ఒక్కటి మాత్రం మారలేదు: వెలివేత, చిన్నచూపు. ఇంటికొచ్చే ఒక్క మనిషి ఊరి నోరు మూయించలేదు కదా. 'నిన్ను ఎర్రగడ్డకు పంపాలి', 'చినవాల్తేరు కేసు' అని మీటింగుల్లో మనమే నవ్వుకుంటాం. అది మానడానికి ఏ పరిశోధనా అక్కర్లేదు.

ఇంట్లోవాళ్ల బలం మన దేశానికి కొత్తేం కాదు. 1950లలోనే అమృత్‌సర్‌లో డాక్టర్ విద్యాసాగర్ ఆస్పత్రి ఆవరణలో గుడారాలు వేయించి, రోగుల కుటుంబాలను వాళ్లతోపాటే ఉంచారు.

ఆరోగ్య ఉపసంఘం ఈ సభ ముందు పెడుతున్న తీర్మానం ఇది. మనసు జబ్బు వల్ల మీటింగులకు రాలేని సభ్యురాలిని, లీడరు, ఇంకొక సభ్యురాలు ఇంటికి వెళ్లి చూడకుండా సంఘం నుంచి తీసేయకూడదు. వైద్యం జరిగే కాలంలో వాయిదా వెనక్కి జరపాలి. రక్తపరీక్షల రోజుల బస్సు చార్జీ గ్రామ సమాఖ్య ఆరోగ్య నిధి నుంచి ఇవ్వాలి, తోడు వెళ్లేవాళ్లకు కూడా. వికలాంగ సర్టిఫికెట్‌కు మనసు జబ్బులూ వస్తాయి కాబట్టి సదరం క్యాంపుకు తీసుకెళ్లే బాధ్యత గ్రామ సమాఖ్యదే.

డబ్బు ఎక్కడిదని కార్యదర్శులు అడుగుతారని తెలుసు. ఆ పట్టిక కోశాధికారి దగ్గరుంది, భోజనాలకు ముందు చదువుతారు. ఈలోగా 14416 నంబరు రాసుకోండి. టెలిమానస్, ప్రభుత్వానిది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. రాయడం రాని అక్కలు పక్కవాళ్ల చేత ఫోన్లో వేయించుకోండి. తీర్మానం మీద అభ్యంతరం ఉన్నవాళ్లు ఇప్పుడే లేచి చెప్పండి, చర్చించాకే చేతులెత్తుదాం.