క్రీటు ద్వీపపు పురాతన సౌధములు



మధ్యధరాసముద్రమున, గ్రీసుదేశమునకు దక్షిణముగా, క్రీటు అను పొడవైన ద్వీపము కలదు. మినోసు అను రాజు దానిని ఏలెననియు, ఎద్దుతల గల రాక్షసుని చిక్కుదారుల భవనమున బంధించెననియు గ్రీకులు కథగా చెప్పుకొనిరి. ఆ కథ పుట్టినచోట నిజముగనే ఒక మహాసౌధము బయల్పడినది. అది రాజగృహమా, కాదా యను వివాదము మాత్రము నేటికిని తీరలేదు.

క్నోసస్ దిబ్బను మొదట త్రవ్వించినవాడు ఆ ద్వీపవాసియే. మినోస్ కలొకైరినోస్ అను వర్తకుడు 1878లో అచ్చట కొట్టుగదులను, వానిలో పెద్ద మట్టికాగులను కనుగొనెను. 1900 మార్చిలో ఆంగ్లేయుడగు ఆర్థర్ ఈవాన్సు త్రవ్వకము పెద్దయెత్తున సాగించెను. కొలది వారములలోనే రాతిపీఠము గల యొక గది కానవచ్చినది. ఆయన దానిని సింహాసనశాల యనెను. కట్టడమునంతటిని మినోసు రాజభవన మనెను. వర్తకుడు కాగులను చూచెను. ఈవాన్సు రాజును చూచెను.

ఈ సౌధములు తొలుత క్రీ.పూ. 1900 ప్రాంతమున లేచినవి. క్రీ.పూ. 1700 ప్రాంతమున కూలగా మరల ఘనముగా కట్టిరి. క్నోసస్, ఫైస్తోస్, మాలియా, జాక్రోస్ అను నాల్గుచోట్లను నడుమ దీర్ఘచతురస్రపు ముంగిలి కలదు. క్నోసస్సున దాని పొడవు సుమారు 50 మీటరులు, వెడల్పు అందు సగము. గదులన్నియు దానిచుట్టును అల్లుకొనినవి. లోపలి గదులకు గాలివెలుతురులు వచ్చుటకై పైకప్పు లేని చిన్న చిన్న ఖాళీలు విడిచిరి. తెలుగునాట మండువా యిండ్లు చూచినవారికి ఈ యుపాయము క్రొత్తగా తోచదు. కొన్ని గదులకు గోడకు బదులు కంబముల నడుమ వరుసగా తలుపులు. తెఱచిన మంటపము, మూసిన గది. స్తంభములు కొయ్యవి, పైన లావు, క్రింద సన్నము. నీరు పారుటకు కాల్చిన మట్టిగొట్టములు ఒకదానిలో నొకటి దూర్చి వేసిరి.

అసలు విషయము పడమటి భాగమున కలదు. అచ్చట ఒక పొడుగుపాటి నడవవెంట 18 ఇఱుకు కొట్టుగదులు వరుసగా నున్నవి. నిలువెత్తు కాగులు గోడల కానుకొని నిలిచినవి; నేలలో రాతిపలకల తొట్లు అమర్చబడినవి. ఇంత నూనె, ఇంత ధాన్యము ఒక్క కుటుంబము భుజించుటకు కాదు. చుట్టుపట్ల గ్రామముల పంట ఇచ్చటికి చేరి, పనివారికి, పండుగలకు మరల పంచబడి యుండవలెను.

మట్టిపలకలు ఈ యూహను బలపఱచినవి. వృత్తిచేత వాస్తుశిల్పి యగు మైకేల్ వెంట్రిసు 1952లో లీనియర్ బి లిపిని చదివి, అందలి భాష గ్రీకే యని తేల్చెను. అవి సౌధపు చివరికాలపు పలకలు. వానిలో విజయగాథలు లేవు, కావ్యములు లేవు. గొఱ్ఱెలు, ఉన్ని, నేతబట్టలు, నూనె, ధాన్యము. ఎవరినుండి ఎంత రావలెను, ఎవరికెంత ఈయవలెను అను లెక్కలే. క్నోసస్ పలకలలో పేర్కొనిన గొఱ్ఱెలే సుమారు లక్ష. ఆ పచ్చిమట్టి పలకలను ఎవరును ఆవమున కాల్చలేదు. సౌధమును దహించిన మంటయే వానిని కాల్చి నిలిపినది.

సింహాసనశాలయు వేఱుగా కనబడసాగినది. ఆ గది చిన్నది. పీఠమున కెదురుగా మెట్లు దిగు పల్లపుచోటు కలదు. నీరు పోవుటకు తూము లేదు కనుక అది స్నానపుతొట్టి కాజాలదు. అచ్చట దేవతారూపమున నొక పూజారిణి కూర్చుండెడిదని కొందఱు పండితుల తలంపు.

అప్పటికే ఈవాన్సు తన తలంపును కాంక్రీటుతో కట్టియుంచెను. పై అంతస్తులు, ఎఱ్ఱరంగు స్తంభములు చాలవఱకు 1920ల నాటి పని. తునుకలుగా దొరకిన కుడ్యచిత్రములను పూరించి నిలిపిరి. “కలువల రాకుమారుడు” అను ప్రసిద్ధచిత్రము వేర్వేఱు బొమ్మల తునుకలను కూర్చినదని పలువుర యభిప్రాయము. ఆయనను నిందించుట సులభము. మహాసోపానమును ఆనాడు ఊతపెట్టి నిలుపకున్న అది నేడు ఉండెడిది కాదు. కాని చూడవచ్చినవానికి ఏది ప్రాచీనమో, ఏది ఈవాన్సు ఊహయో తెలియకపోవుట చిన్న లోపము కాదు. ఫైస్తోస్ త్రవ్విన ఇటలీ పండితులు అంతగా పునర్నిర్మింపలేదు. అచ్చట రాళ్లు రాళ్లుగనే యున్నవి.

2025లో యునెస్కో క్రీటులోని ఆఱు స్థలములను ప్రపంచవారసత్వపు పట్టికలో చేర్చినప్పుడు వానిని సౌధకేంద్రములని పేర్కొనెను. రాజు మాట ఆ పేరున లేదు. ఆ సౌధములు వర్ధిల్లిన కాలమున వాడిన లీనియర్ ఏ లిపిలో అంకెలు తెలియుచున్నవి. మాటలు ఇంకను చదువబడలేదు. కట్టినవారు తమ కట్టడమును ఏమని పిలిచిరో ఆ పలకలలోనే యుండవచ్చును.